తెగులు సోకిన మొక్కలు: కంపోస్టులో వేయాలా, వద్దా?

కూరగాయల పెరటి పెంపకం మీద ఇంతవరకు చదివిన పాఠాల్లో మీకు రెండు సలహాలు కనిపించి ఉంటాయి. పెరట్లో పుట్టిన చెత్తంతా కంపోస్టుగా మారి తిరిగి పెరటికే చేరాలన్నది మొదటిది. తెగులు సోకిన మొక్కను పీకి, దూరంగా తీసుకుపోయి కాల్చేయాలన్నది రెండోది. విడివిడిగా చదివితే రెండూ సబబుగానే ఉంటాయి. కానీ ఒక ఉదయం మీ మడిలో ఇరవై టమాటా మొక్కలు, నీళ్ళు పెట్టినా సరే, తల వాల్చేశాయనుకోండి. వాటిని ఏం చేయాలి?

ఈ పాఠం ఆ ఒక్క ప్రశ్నకే పరిమితం. వేయవచ్చని గానీ, వేయకూడదని గానీ ఒక్క మాటలో జవాబు లేదని ముందే చెబుతున్నాను. మొక్కకు వచ్చింది ఏ తెగులు, మీ కుప్ప నిజంగా ఎంత వేడెక్కుతోంది అనే రెండు సంగతులు తెలిస్తే జవాబు తేలుతుంది. మొదటిదాన్ని తెలుసుకోవడం మీరనుకున్నంత కష్టం కాదు. రెండోదాని విషయంలో మాత్రం, నేను చూసినంతవరకు, మనవాళ్ళ నమ్మకం కుప్పలో ఉన్న వేడి కంటే ఎప్పుడూ ఎక్కువే.

మన ప్రాంతంలో ఈ ప్రశ్న బరువు

పటాన్‌చెరు, రామచంద్రాపురం, పాశమైలారం, ఇస్నాపూర్, బొల్లారం, అమీన్‌పూర్ వైపు ఉండే పాఠకుల పెరళ్ళు చిన్నవి. క్వార్టరు వెనక రెండు మడులు, లేదా మేడ మీద నాలుగు డ్రమ్ములు, లేదా ఇంకా ఇల్లు కట్టని పక్క ప్లాటు. సదాశివపేట దగ్గర నాలుగెకరాలున్న రైతుకు ఒక మూల నేల పాడైతే ఇంకో మూలకు జరిగే వీలుంటుంది. మీకు ఆ వీలు లేదు. ఈ ఏడాది టమాటా వేసిన మడిలోనే వచ్చే ఏడాది వంగో మిరపో వేయాలి. టమాటా, వంగ, మిరప, ఆలుగడ్డ నాలుగూ ఒకే కుటుంబానివి. కొన్ని తెగుళ్ళకు ఈ నాలుగింటి మధ్య తేడాయే తెలియదు.

కాల్చేస్తే పోదా అని అడగవచ్చు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2009లో దేశంలోని పారిశ్రామిక ప్రాంతాలకు కాలుష్య సూచిక లెక్కగట్టినప్పుడు పటాన్‌చెరు–బొల్లారం 70 మార్కు దాటి, తీవ్రంగా కలుషితమైన ప్రాంతాల జాబితాలో చేరింది. ఆ గాలిలో పచ్చి మొక్కల పొగను కూడా కలపమని నేను సలహా ఇవ్వలేను. పైగా పచ్చి మొక్క సరిగా కాలదు. ఆకులు మాడిపోతాయి, వేర్లు, మొదలు సగం పచ్చిగా మిగులుతాయి. ఎండు తెగులు ఉండేది ఆ వేర్లలో, మొదలులోనే. ఇక నాలాలోనో ఖాళీ స్థలంలోనో పారేయడమంటారా? మీ తెగులును దిగువన ఉన్నవారికి పంపడం తప్ప అది మరేమీ కాదు. 2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నియమాలు కూడా వీధుల్లో, బహిరంగ స్థలాల్లో, మురుగు కాల్వల్లో చెత్త పారేయడాన్ని, కాల్చడాన్ని నిషేధించాయి.

అంటే మిగిలిన దారి మీ పెరటి గోడల మధ్యే ఉంది.

తెగులు మడి: మన పక్కనే జరిగిన ప్రయోగం

తెగులు సోకిన మొక్కలను నేలలో కలిపితే ఏమవుతుందో తెలుసుకోవడానికి మనం దూరం వెళ్ళనక్కరలేదు. 1972లో పటాన్‌చెరులో ఏర్పడిన ఇక్రిశాట్ మెట్ట పంటల మీద పనిచేసే అంతర్జాతీయ పరిశోధన సంస్థ. మీలో చాలామంది దాని గేటు ముందు నుంచి రోజూ డ్యూటీకి వెళ్తూ ఉంటారు. ఆ గేటు లోపల, కావాలని తెగులుతో నింపిన మడులు ఉన్నాయి.

కంది, శనగ పంటలకు ఎండు తెగులు పెద్ద శత్రువు. కారణం ఫ్యుజేరియం అనే శిలీంధ్రం. ఇది నేలలో ఉండి, వేరు ద్వారా మొక్కలోకి ఎక్కి, నీటి నాళాలను మూసేస్తుంది. ఈ తెగులును తట్టుకునే రకాలను కనిపెట్టాలంటే, వేలాది రకాలను తెగులు తప్పకుండా వచ్చే నేలలో విత్తి చూడాలి. అలాంటి నేలను తయారుచేసిన పద్ధతి ఆశ్చర్యపడేంత సులువైనది. ఎండు తెగులుతో చచ్చిన మొక్కలను పోగుచేశారు, ముక్కలుగా నరికారు, మడిలో చల్లి మట్టిలో కలిపారు. దాని మీద తెగులుకు తేలిగ్గా లొంగే రకాన్ని విత్తారు. అవి చస్తే వాటినీ అక్కడే నరికి కలిపారు. ఇలా కొన్ని పంటలు తిరిగేసరికి, లొంగే రకం ఏది విత్తినా నిలవని మడి తయారైంది. దానినే తెగులు మడి అంటారు. శనగలో జేజీ–62 అనే రకాన్ని వరసల మధ్య విత్తుతారు. అది చచ్చిపోతే మడిలో తెగులు సరిగా ఉన్నట్టు, దాని పక్కన బతికి నిలిచిన రకం గట్టిదన్నట్టు. వై.ఎల్. నేనే, ఆయన సహచరులు ఈ పద్ధతులను 1981లో ఒక చిన్న పుస్తకంగా కూడా ప్రచురించారు. తెలంగాణ కంది రైతులకు బాగా తెలిసిన ‘ఆశ’ రకం 1993లో విడుదలైంది. ఎండు తెగులును, వెర్రి తెగులును తట్టుకునే ఆ రకం వెనక ఈ మడులే ఉన్నాయి.

ఇందులో మనకు పనికొచ్చేదేమిటో గమనించండి. శాస్త్రవేత్తలు తెగులును పెంచడానికి ఏ రసాయనాన్నీ వాడలేదు. నరికిన రోగిష్టి మొక్కలు, మట్టి, మళ్ళీ అదే పంట, అంతే. సరిగా వేడెక్కని కంపోస్టు గుంతలో ఎండు తెగులు టమాటాలను వేసి, ఆరు నెలల తర్వాత ఆ ఎరువును టమాటా మడికే వేస్తే మనం చేసేది కూడా అదే పని. తేడా ఏమిటంటే వాళ్ళు ఒక్క మడిలో హద్దు కట్టి చేశారు, మనం పెరడంతా పరుస్తాం, మిగిలితే పక్కింటి వారికీ ఒక గమేళా ఇస్తాం.

ఇంకో సంగతి కూడా ఆ పరిశోధనల్లోనే తేలింది. శనగ ఎండు తెగులు శిలీంధ్రం, శనగ అసలు వేయకపోయినా, ఆరేళ్ళకు పైగా నేలలో బతికి ఉంటుంది. రెండు మడుల పెరట్లో ఆరేళ్ళంటే ఎంతో మీరే లెక్కవేసుకోండి.

ముందు రోగిని చూడండి

మొక్క వాడిపోవడానికి, పాడవడానికి కారణాలు అనేకం. మన ప్రశ్నకు కావలసింది తెగులు శాస్త్రీయ నామం కాదు. మొక్క చచ్చిన తర్వాత ఆ సూక్ష్మజీవి ఏమవుతుంది అన్నదే. దాంతోపాటు చస్తుందా, లేక ఎండుటాకులో, వేరులో, మట్టిలో కాచుకుని కూర్చుంటుందా?

మొక్కతోపాటు చచ్చే వాటితో మొదలుపెడదాం. బెండలో ఈనెలు పసుపుపచ్చగా మారే పల్లాకు తెగులు, టమాటాలో ఆకుముడత రెండూ వైరస్ తెగుళ్ళు. రెండింటినీ మోసుకొచ్చేది తెల్లదోమ. ఈ వైరస్‌లకు బతికున్న కణం కావాలి, మోయడానికి దోమ కావాలి. ఎండిపోయిన ఆకు మీద తెల్లదోమ వాలదు. కనుక ఈ మొక్కలు కుప్పలో పడ్డాక ప్రమాదం లేదు. ప్రమాదమంతా పీకేటప్పుడే. ఎండ ఎక్కాక మొక్కను కదిలిస్తే దోమలన్నీ లేచి పక్క మొక్కల మీదికి పోతాయి. తెల్లవారుజామున, దోమలు మందంగా ఉన్నప్పుడు, మొక్క మీద సంచి తొడిగి పీకండి. బూడిద తెగులు కూడా ఇంచుమించు ఈ జాతిదే. బతికున్న ఆకు మీదే పెరుగుతుంది. దొండ, దోస, బెండ ఆకులకు బూడిద పట్టినవి కుప్ప మధ్యలో వేసి పైన మట్టి కప్పితే చాలు. వంగలో ఆకులు చిన్నవై గుబురుగా వచ్చే వెర్రి తెగులు కూడా అంతే.

రెండో జాతి, ఎండుటాకు చివికేదాకా మాత్రమే బతికేవి. టమాటా ఆకుమాడు తెగులు, మిరప కాయకుళ్ళు, క్యాబేజీ నల్లకుళ్ళు ఇందులోకి వస్తాయి. ఇవి చెత్త మీద ఆధారపడి బతుకుతాయి. చెత్త పూర్తిగా చివికి, ఆకు ఏదో మట్టి ఏదో తెలియని స్థితికి వస్తే వీటికి నిలవ నీడ ఉండదు. సగం చివికిన ఎరువు వేస్తేనే ముప్పు. మన పెరళ్ళలో వాడే ఎరువు ఎక్కువగా సగం చివికినదే కాబట్టి, వీటిని వేడెక్కే కుప్పకే వేయాలి.

మూడో జాతి అసలు శత్రువులు, నేలలో కాచుకునేవి. వీటిని గుర్తుపట్టడానికి కత్తి, గాజు గ్లాసు, ఒక బకెట్ నీళ్ళు చాలు. వడలిన టమాటానో వంగనో జాగ్రత్తగా వేర్లతో సహా తవ్వి తీయండి. వేర్లు బకెట్లో కడగండి. వేరు పొడవునా పూసల్లా బుడిపెలుంటే అవి వేరుబుడిపె నులిపురుగులు. చిక్కుడు, బొబ్బర్ల వేర్ల మీద కూడా బుడిపెలుంటాయి, కానీ అవి గోటితో గీకితే ఊడి వస్తాయి, చిదిమితే లోపల గులాబీ రంగులో ఉంటాయి. అవి నత్రజనిని పట్టి ఇచ్చే మంచి బుడిపెలు. నులిపురుగు బుడిపె వేరులో భాగం, ఊడదు. తర్వాత, మొదలు దగ్గర తెల్లటి దారాల బూజు, ఆవగింజల్లాంటి గోధుమరంగు గింజలు కనిపిస్తే అది స్క్లెరోషియం వల్ల వచ్చే మొదలుకుళ్ళు. ఆ గింజలే దాని విత్తనాలు, ఏళ్ళ తరబడి చావవు. వేర్లు, మొదలు శుభ్రంగానే ఉంటే కాండాన్ని మొదలు పైన నరికి, నరికిన ముక్కను గ్లాసులో నీళ్ళలో వేలాడదీయండి. కొద్ది నిమిషాల్లో పాలలాంటి సన్నని దారం నీళ్ళలోకి దిగితే అది బాక్టీరియా ఎండు తెగులు. దారం దిగకుండా, కాండం లోపల గోధుమరంగు చారలు మాత్రం ఉంటే ఫ్యుజేరియం ఎండు తెగులని అనుమానించాలి.

పొగాకు మొజాయిక్ వైరస్, దాని దగ్గరి బంధువైన టమాటా మొజాయిక్ వైరస్ కూడా ఈ మూడో జాతిలోకే వస్తాయి. దోమల అవసరం లేకుండా చేతుల ద్వారా, కత్తి ద్వారా అంటుకుంటాయి. ఎండిన ఆకులో, వేరులో చాలాకాలం నిలుస్తాయి, చివరికి బీడీ పొగాకులో కూడా. బీడీ కాల్చిన చేతులను సబ్బుతో కడుక్కోకుండా టమాటా, మిరప నారు ముట్టుకోవద్దని చెప్పేది అందుకే.

పురుగులు తెగుళ్ళు కావు గానీ ప్రశ్న అదే. వంగ కొమ్మ, కాయ తొలిచే పురుగు ఉన్న కొమ్మలను, పండు ఈగ పట్టిన బీర, కాకర కాయలను కుప్ప పైన వేస్తే పురుగు హాయిగా పెరిగి, మట్టిలోకి దిగి, ఈగో రెక్కల పురుగో అయి తిరిగొస్తుంది. వాటిని ముందు సబ్బు నీళ్ళ బకెట్లో రెండు మూడు రోజులు ముంచి ఉంచి, ఆ తర్వాత కుప్పలో వేయండి.

ఇక్కడ ఆగి ఒక ప్రశ్నకు మీ నోటు పుస్తకంలో జవాబు రాయండి. మీ ఎడమ చేతిలో పల్లాకు తెగులు వచ్చిన బెండ మొక్క, కుడి చేతిలో చూడడానికి కాస్త గిడసబారిందే తప్ప ఆకులు పచ్చగా ఉన్న వంగ మొక్క ఉన్నాయి. వంగ వేర్లకు బుడిపెలున్నాయి. ఏది కుప్పలోకి వెళ్ళవచ్చు? కంటికి భయంకరంగా కనిపించేది బెండ. బయట ఉంచాల్సింది వంగ. వేళ్ళు చూడకుండా ఆకులు చూసి తీర్పు చెప్పేవారు ఈ ప్రశ్నలో తప్పకుండా పొరబడతారు.

కుప్ప ఎంత వేడెక్కాలి, ఎంత వేడెక్కుతుంది

తెగులు క్రిములను చంపేది కంపోస్టు అన్న పేరు కాదు, వేడి. 2004లో బ్రిటన్ పరిశోధకులు నోబుల్, రాబర్ట్స్ అంతవరకు జరిగిన ప్రయోగాలన్నిటినీ ఒకచోట చేర్చి చూశారు. కుప్ప గరిష్ఠ ఉష్ణోగ్రత 64–70 డిగ్రీల సెల్సియస్‌కు చేరి, కంపోస్టు చేయడం 21 రోజులు సాగితే, పరీక్షించిన 38 శిలీంధ్ర జాతి క్రిముల్లో 33, ఏడు బాక్టీరియాలూ, తొమ్మిది నులిపురుగులూ దాదాపు కనిపించకుండా పోయాయి. చాలావాటికి అంతకంటే తక్కువ వేడి కూడా సరిపోవచ్చు. తొమ్మిది వైరస్‌లలో మాత్రం పోయినవి మూడే. మొండికేసిన వాటిలో టమాటా ఎండు తెగులు కలిగించే ఫ్యుజేరియం, పొగాకు మొజాయిక్ వైరస్ ఉన్నాయి. మన పెరళ్ళలో ఎక్కువగా కనిపించే పంట టమాటా కావడం మన దురదృష్టం.

మురుగునీటి బురదను ఎరువుగా మార్చడానికి అమెరికా పర్యావరణ సంస్థ పెట్టిన నియమం ఇంకో కొలబద్ద. ఆరుబయట పొడవాటి కుప్పలైతే 15 రోజుల పాటు 55 డిగ్రీలకు తగ్గకూడదు, ఆ రోజుల్లో కనీసం అయిదుసార్లు తిరగేయాలి. తిరగేయడం ఎందుకంటే కుప్ప మధ్యలో 60 డిగ్రీలున్నా, పై జానెడు మందం చల్లగానే ఉంటుంది. క్రిములు ఆ జానెడు మందంలో కాపురముంటాయి.

ఇప్పుడు మన కుప్పల సంగతి. మేడ మీద పెట్టే ప్లాస్టిక్ డ్రమ్ములో, మట్టి కుండీల్లో చెత్త చివుకుతుంది గానీ వేడెక్కదు. పరిమాణం చాలదు, పుట్టిన వేడి గోడల నుంచి పోతుంది. పెరటి మూల గుంతలో రోజుకు ఒక గుప్పెడు కూరగాయ తొక్కు వేస్తూ పోయేదీ వేడెక్కదు. ఎందుకంటే సూక్ష్మజీవులకు ఒకేసారి పెద్ద భోజనం పెడితేనే వేడి పుడుతుంది. వానపాముల ఎరువు గురించి వేరే చెప్పాలి. మన ఎర్ర వానపాములు 35 డిగ్రీలు దాటితే తట్టుకోలేవు. కనుక వర్మి తొట్టిలో వేడితో క్రిములు చావడం అనేది జరిగే పని కాదు. మంచి ఎరువే, కానీ తెగులు మొక్కలకు అది దారి కాదు.

పద్ధతుల్లో కూడా తేడా ఉంది. ఆల్బర్ట్ హోవర్డ్ 1924–31 మధ్య ఇండోర్‌లో రూపొందించిన ఇండోర్ పద్ధతిలో పేడ, చెత్త, మట్టి పొరలుగా వేసి, కుప్పను మళ్ళీ మళ్ళీ తిరగేస్తారు. గాలి ఆడుతుంది, వేడి పుడుతుంది. బెంగళూరులో సి.ఎన్. ఆచార్య తర్వాత రూపొందించిన బెంగళూరు పద్ధతిలో గుంత నింపి, పైన మట్టి మెత్తి వదిలేస్తారు. కూలి కలిసొస్తుంది, నత్రజని నిలుస్తుంది. అందుకే మన గ్రామాల్లో పెంటగుంతలకు ఇదే దగ్గర. కానీ మొదటి కొద్ది రోజుల తర్వాత గాలి లేక చల్లబడిపోతుంది, తిరగేయరు. పరీక్షలో ఈ రెండు పద్ధతులను పోల్చమని అడిగితే చాలామంది విద్యార్థులు కూలి ఖర్చు, నత్రజని నష్టం రాసి ఆపేస్తారు. తెగులు క్రిముల నాశనం అనే మూడో అంశం కూడా రాయండి.

తెగులు మొక్కల కోసం వేడి కుప్ప వేయాలంటే అన్నీ ముందు పోగుచేసుకుని ఒకే రోజున వేయాలి. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ మూడున్నర అడుగులకు తగ్గకూడదు. ఎండుటాకులు రెండు మూడు వంతులు, పచ్చి చెత్త ఒక వంతు, మీద పచ్చి పేడ. ఎండుటాకులకు ఇక్కడ కొరత లేదు, కాలనీ రోడ్ల వెంబడి కానుగ చెట్లు మాఘ ఫాల్గుణాల్లో బస్తాలకొద్దీ రాలుస్తాయి. గేదెల కొట్టం నుంచి రెండు బొచ్చెల పచ్చి పేడ దొరికితే వేడి తొందరగా ఎక్కుతుంది. కోళ్ళ ఎరువు ఇంకా చురుకైనది, కానీ కొద్దిగానే వేయండి, వాసన ఇరుగుపొరుగుతో తగవు తెస్తుంది. తడి ఎంత ఉండాలంటే, గుప్పిట పట్టి పిండితే నీరు కారకూడదు, అరచేయి మాత్రం తడవాలి. తెగులు మొక్కలను బెత్తెడు ముక్కలుగా నరికి సరిగ్గా నడిమధ్యలో పెట్టండి.

వేడి చూడడానికి థర్మామీటరు ఉంటే మంచిది. లేకపోతే ఒక ఇనుప చువ్వను మధ్యదాకా గుచ్చి పది నిమిషాల తర్వాత తీసి పట్టుకోండి. కాస్త సేపు పట్టుకోగలిగితే అది పనికొచ్చే వేడి కాదు. వెంటనే వదిలేయాల్సి వస్తే 55–60 ప్రాంతంలో ఉన్నట్టు. నాలుగైదు రోజుల్లో ఆ వేడి రాకపోతే, తడో, పేడో, పరిమాణమో ఏదో తక్కువైంది. సరిచేసి మళ్ళీ వేయండి. వచ్చాక మూడు నాలుగు రోజులకొకసారి, బయటి చెత్త లోపలికి వెళ్ళేట్టు అయిదుసార్లు తిరగేయండి.

ఇంత పని మీ వల్ల కాదనుకుంటే అందులో తప్పేమీ లేదు. అప్పుడు మొదటి జాతి తెగుళ్ళ మొక్కలను మాత్రమే మామూలు కుప్పలో వేయండి. మూడో జాతిని, అంటే బుడిపెల వేర్లు, మొదలుకుళ్ళు, రెండు రకాల ఎండు తెగుళ్ళు, మొజాయిక్ వచ్చినవాటిని, వేడి కుప్ప వేయగలిగినా సరే, నేనైతే కూరగాయల ఎరువులోకి రానివ్వను. వాటికి ఇంకో దారి ఉంది.

ఎండ ఊరికే పోనివ్వకండి

చల్లని దేశాల తోటపని పుస్తకాల్లో తెగులు మొక్కలను కాల్చండి, లేదా మునిసిపాలిటీ వారికివ్వండి అని రాసి ఉంటుంది. వారికి మన ఏప్రిల్, మే నెలల ఎండ లేదు. ఇక్రిశాట్‌లోనే 1980లలో ఈ ఎండను తెగులు మీద ప్రయోగించి చూశారు. తడిపిన నేల మీద పలుచటి పారదర్శక పాలిథీన్ షీటు పరిచి, అంచులు మట్టితో మూసి, వేసవిలో కొన్ని వారాలు వదిలేశారు. షీటు కింద పై మట్టి వేడెక్కి, తర్వాత వేసిన కంది, శనగల్లో ఎండు తెగులు తగ్గింది. ఇజ్రాయెల్‌లో కటాన్ బృందం 1976లో ప్రచురించిన పద్ధతి ఇది. షీటు తెల్లగా, పారదర్శకంగా ఉండాలి. నల్ల షీటైతే తానే వేడెక్కుతుంది, మట్టికి అంత వేడి చేరనివ్వదు. నేల తడిగా ఉండాలి, తడి వేడి క్రిములను పొడి వేడి కంటే తొందరగా చంపుతుంది.

పీకిన మొక్కలకు కూడా ఇదే సూత్రం. ముక్కలు నరికి, కాస్త నీళ్ళు చిలకరించి, పారదర్శకమైన మందపాటి పాలిథీన్ సంచిలో పలుచగా నింపి మూతి కట్టి, మేడ మీద సిమెంటు పైన పరచండి. సంచిని కుక్కి నింపితే మధ్యకు వేడి చేరదు. వేసవిలో నాలుగు నుంచి ఆరు వారాలు అలా ఉంచి, వారానికొకసారి తిప్పండి. వానాకాలంలో, చలికాలంలో ఇది పనిచేయదు. ఆ రోజుల్లో పీకినవాటిని ఎండబెట్టి, సంచిలో మూతి కట్టి, వాన తగలని చోట వేసవి దాకా దాచండి. చోటు లేకపోతే స్వచ్ఛ ఆటోకు తడి చెత్తతో కలిపి కాకుండా విడిగా, తోట చెత్త అని చెప్పి ఇవ్వండి.

ఎండలో కాగినదాన్ని కూడా టమాటా మడికి వేయమని చెప్పను. మామిడి, సీతాఫలం, కానుగ చెట్ల పాదుల్లో వేయండి. టమాటా ఫ్యుజేరియం టమాటానే పట్టుకుంటుంది, మామిడి జోలికి పోదు. నులిపురుగుల చెత్తను మాత్రం అరటి, బొప్పాయి పాదుల్లో వేయవద్దు, వాటికీ అవి సోకుతాయి.

తెగులు కానిది, కంపోస్టు బాగుచేయలేనిది

ఈ పారిశ్రామిక ప్రాంతపు పాఠకులకు ఒక మాట విడిగా చెప్పాలి. ఆకు అంచులు ఎండి కాలినట్టు ఉండడం, మొక్క గిడసబారడం ప్రతిసారీ తెగులు కాదు. బోరు నీళ్ళలో ఉప్పు ఎక్కువైతే కూడా అలాగే ఉంటుంది. తెగులు ఒక మూల మొదలై పాకుతుంది. ఉప్పు దెబ్బ ఒకేసారి మడంతా, ముదురాకుల అంచుల నుంచి కనిపిస్తుంది, మడి పైన తెల్లటి పొర తేలుతుంది. అలాంటి మొక్కల నుంచి అంటుకునే జబ్బేమీ లేదు.

కానీ నీరు ఫ్యాక్టరీ వ్యర్థాలతో కలిసినదైతే సంగతి వేరు. 2007లో స్వీడన్ పరిశోధకులు పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికి వచ్చే నీటిని పరీక్షిస్తే, సిప్రోఫ్లాక్ససిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉన్నట్టు తేలింది. ఆ ఫలితం ప్రపంచమంతా చర్చకు వచ్చింది. కంపోస్టు వేడి క్రిములను చంపగలదు. సీసం, కాడ్మియం, ఆర్సెనిక్ వంటివాటిని ఏమీ చేయలేదు. పైగా చివికేటప్పుడు చెత్త బరువు సగానికి సగం తగ్గుతుంది, లోహం మాత్రం ఉన్నంతా ఉంటుంది. అంటే ఎరువులో దాని సాంద్రత పెరుగుతుంది. నక్కవాగు ఒడ్డున, ఫ్యాక్టరీ నీరు చేరిన చెరువుల దగ్గర కోసిన గుర్రపుడెక్కను, గడ్డిని, అక్కడి పూడికమట్టిని ఎంత నల్లగా, ఎంత బలంగా కనిపించినా కూరగాయల కుప్పలోకి తేవద్దు. చెరువు మట్టి పొలానికి బలమన్నది నిజమే. ఏ చెరువు మట్టి అని అడగకుండా నమ్మే మాట మాత్రం కాదది. అనుమానముంటే మట్టిని పరీక్షకు ఇవ్వండి. జహీరాబాద్ వైపు ఉన్నవారికి డిడ్గిలోని కృషి విజ్ఞాన కేంద్రం అందుబాటులో ఉంది.

చేసి చూడండి

మీ ఎరువు శుభ్రమైనదో కాదో చెప్పగల పరీక్ష ఒకటి ఇంట్లోనే చేయవచ్చు. నాలుగు కుండీలు తీసుకోండి. పాలిథీన్ కింద ఎండలో కాగిన మట్టిని నాలుగింటిలో నింపండి. రెండింటిలో మూడో వంతు మీ కంపోస్టు కలపండి, రెండింటిని అలాగే ఉంచండి. నాలుగింటిలోనూ పూసా రూబీ టమాటా విత్తనాలు అయిదేసి చొప్పున విత్తండి. ఈ రకం నులిపురుగులకు బాగా లొంగుతుంది, మనకు కావలసిందీ అదే. కుండీలను ఇటుకల మీద, విడివిడిగా ఉంచండి, ఒకదాని నీరు ఇంకోదానిలోకి పోకూడదు. మొలకలు మట్టి దగ్గర నొక్కుకుపోయి పడిపోతే నారుకుళ్ళు, ఆ తేదీ రాసుకోండి. ఆరు వారాల తర్వాత మొక్కలన్నీ పీకి, వేర్లు బకెట్లో కడిగి, బుడిపెలు లెక్కపెట్టండి. కాండం కోసి లోపలి రంగు చూడండి, గ్లాసు పరీక్ష చేయండి. కంపోస్టు కలిపిన కుండీల్లో ఒక్క వేరుకు బుడిపె కనిపించినా ఆ కుప్పంతా చెట్ల పాదులకు పోవాలి. లెక్కలను పట్టికగా రాసి, కడిగి ఆరబెట్టిన వేర్లతో సహా అధ్యయన కేంద్రంలో జరిగే తదుపరి కౌన్సిలింగ్ తరగతికి తీసుకురండి.